రిపోర్టు ఎవరి చేతికిస్తారు?



ఇరవై ఏళ్ల కిందట హైదరాబాదులోనో విజయవాడలోనో తిరిగినవారికి పులిరాజా గుర్తుండే ఉంటాడు. ఎక్కడ చూసినా హోర్డింగులు, వాటి మీద ఒకటే ప్రశ్న: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఎవరీ పులిరాజా అని బస్సుల్లో, టీకొట్ల దగ్గర, కాలేజీ క్యాంటీన్లలో జనం ఒకరినొకరు అడిగారు. జోకులు పుట్టాయి. పేరులో పులి ఉన్నవాళ్లు నానా అవస్థలు పడ్డారు. మన ప్రాంతంలో ఇంతగా జనం నోళ్లలో నానిన ఆరోగ్య ప్రచారం మరొకటి నాకు తోచదు.

ఆ ప్రచారాల పుణ్యమా అని జబ్బు ఎలా వస్తుందో, ఎలా రాదో చాలామందికి తెలిసింది. కండోమ్ ప్రకటన రాగానే టీవీ ఛానెల్ మార్చేసే తండ్రికి కూడా సంగతి తెలుసు. అయితే పులిరాజాను ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. వస్తుందా రాదా అన్నది సరే, ఇంతకీ నువ్వు పరీక్ష చేయించుకున్నావా నాయనా?

మన దేశంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 25 లక్షల పైచిలుకు. పెద్దవాళ్లలో దేశం మొత్తానికి సగటున వెయ్యికి ఇద్దరు. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి ఆరుగురికి పైనే, తెలంగాణలో నలుగురికి పైనే. ఉన్నవాళ్లలో నూటికి 95 మందికి తమకు ఉన్నట్టు తెలిసి ఉండాలని ప్రపంచ దేశాలు కలిసి 2025ను గడువుగా పెట్టుకున్నాయి. 2023-24 లెక్కల్లో మన దేశం 81 దగ్గర ఉంది. అంటే, ఐదుగురిలో ఒకరు తమ ఒంట్లో వైరస్ ఉన్నట్టే తెలియకుండా ఉద్యోగాలకు వెళ్తున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు, పిల్లల్ని స్కూళ్లలో దింపుతున్నారు.

ముప్పు ఎవరికి ఎక్కువన్నది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి కాదు. 2021 సర్వే ప్రకారం సెక్స్ వర్కర్లలో నూటికి దాదాపు ఇద్దరికి, పురుషులతో సంబంధాలు పెట్టుకునే పురుషుల్లో ముగ్గురికి పైగా, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో నలుగురికి దగ్గరగా, సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవారిలో తొమ్మిది మందికి హెచ్‌ఐవీ ఉంది. సూదుల సమస్య ఈశాన్య రాష్ట్రాల్లో, పంజాబులో పెద్దది. మన దగ్గర మొదటి మూడు వర్గాలవారే ఎక్కువ. వారి తర్వాత నెలల తరబడి ఇల్లు విడిచి తిరిగే లారీ డ్రైవర్లు, వలస కూలీలు. వీరందరికీ ఉచితంగా, మొదటి నాలుగు వర్గాలవారికైతే ఆరు నెలలకోసారి, పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ విధానం. కిట్లున్నాయి, కేంద్రాలున్నాయి, కౌన్సెలర్లున్నారు. అయినా కొందరు రారు. వచ్చినవారిలో కొందరు రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకోకుండానే వెళ్లిపోతారు. 'వీళ్లకు అవగాహన లేదండీ' అని తేల్చేస్తాం మనం. నాకైతే ఆ మాట మీద నమ్మకం లేదు. వాళ్లకు మనకంటే బాగానే తెలుసు. ఆ తెలిసిన సంగతులేమిటో మనం తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1985 చివర్లో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చదువుతున్న నిర్మల అనే యువ డాక్టరుకు ఆమె ప్రొఫెసరు సునీతి సోలొమన్ ఒక పరిశోధన అప్పగించారు. ఎయిడ్స్ మన దేశంలోకి వచ్చిందా లేదా చూడమన్నారు. అది అమెరికా జబ్బు, మన సంస్కృతి మనల్ని కాపాడుతుంది అని పత్రికలు రాస్తున్న రోజులవి. నిర్మల ముందు ఆసుపత్రిలో సుఖవ్యాధులకు వైద్యం చేయించుకోవడానికి వచ్చే సెక్స్ వర్కర్లను పరిచయం చేసుకున్నారు. వాళ్లలో చాలామందిని పోలీసులు పట్టుకెళ్లి ప్రభుత్వ విజిలెన్స్ హోంలో ఉంచుతున్నారని తెలిసి, రోజూ అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. చేతికి గ్లవుజులు లేవు. మూడు నెలల్లో 80 మంది రక్తం తీశారు. ఆ సీసాలు దాచడానికి చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టారు. కూరగాయల పక్కన అవి ఉన్నంతకాలం ఆ ఇల్లాలు ఎలా నిద్రపోయిందో మరి! పరీక్ష చేసే యంత్రం మద్రాసులో లేదు. 1986 ఫిబ్రవరిలో భర్తతో కలిసి రాత్రి రైలెక్కి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి ఆ సీసాలు పట్టుకెళ్లారు. అక్కడ ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి. ఎవరూ ఊహించనిది. ఆ స్త్రీల దగ్గర మళ్లీ రక్తం తీసి అమెరికా పంపితే అక్కడా అదే తేలింది. ఈ దేశంలో హెచ్‌ఐవీ ఉన్నట్టు మొదట బయటపడింది అలా.

ఆ ఇద్దరు డాక్టర్లు చేసింది చాలా పెద్ద పని. వారు ఆనాడు కనిపెట్టకపోతే మరెన్ని ఏళ్లు నిద్రపోయేవాళ్లమో. కానీ ఈ కథలో మరో కొస కూడా ఉంది. రక్తం ఇచ్చిన 80 మందికీ అది దేనికో తెలియదు. మామూలు సుఖవ్యాధుల పరీక్ష అనుకున్నారు. నిర్మల తప్పు అని చెప్పలేను. ఆ రోజుల్లో రోగిని అడిగి పరీక్ష చేసే అలవాటు ఎంతమంది డాక్టర్లకు ఉంది గనక? అయినా మన దేశంలో ఈ పరీక్ష తొలి అడుగే గేటుకు తాళం ఉన్న ఇంట్లో పడింది. కాదని చెప్పే వీలు లేని ఆడవాళ్ల మీద.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. రక్తంలో వైరస్ ఉందని తేలిన కొందరు మహిళలను శిక్ష గడువు ముగిశాక కూడా తమిళనాడులో హోం నుంచి వదల్లేదు. హైకోర్టుకు వెళితే తప్ప బయటపడలేదు. ఈ కబురు ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు చేరడానికి పత్రికలు అక్కర్లేదు. మద్రాసులో జరిగింది నెల్లూరులో, గుంటూరులో తెలియడానికి ఎన్నాళ్లు పడుతుంది?

గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు ఉండేవాడు. తరచూ రక్తదానం చేసేవాడు. 1989 ఫిబ్రవరి 14న అతన్ని పోలీసులు పిలిపించి, ఎందుకో చెప్పకుండానే ఆసుపత్రికి తీసుకెళ్లారు. దానం చేసిన రక్తంలో హెచ్‌ఐవీ బయటపడిందన్న సంగతి అతనికి అక్కడ తెలిసింది. అప్పటి గోవా చట్టం అలాంటివారిని వేరుగా ఉంచమంటోంది. ఒకప్పటి క్షయ ఆసుపత్రి భవనంలో, పోలీసు కాపలాలో అతన్ని 64 రోజులు ఉంచారు. తల్లి కోర్టుకెక్కింది. బయటికొచ్చాక తనలాంటివారి కోసం ఒక సంస్థ పెట్టి, 1992లో కన్నుమూశాడు. మంచి పనికి పోయి రక్తమిచ్చిన మనిషికే పోలీసులు ఎదురైతే, బస్టాండు దగ్గర నిలబడే అమ్మాయి తన రక్తం ఎవరికైనా ఇస్తుందా?

ఇంతలో పెద్దమనుషుల సలహాలు వేరుగా ఉండేవి. అందరినీ వరసబెట్టి పట్టుకుని పరీక్షలు చేయించండి, పెళ్లికి ముందు తప్పనిసరి చేయండి అని. ఆ మాట మన రాష్ట్రంలోనూ గట్టిగానే వినిపించింది. ఈ ముచ్చట అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం తీర్చుకుంది. 1988 జనవరి నుంచి పెళ్లి లైసెన్సు కావాలంటే హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి అన్నారు. మొదటి ఆరు నెలల్లో 70 వేల మందికి పైగా పరీక్ష చేయించుకుంటే వైరస్ ఉన్నట్టు తేలింది 8 మందిలో. ఈలోపు వేలాది జంటలు పక్క రాష్ట్రాలకు పోయి పెళ్లిళ్లు చేసుకొచ్చాయి. 1989లో ఆ చట్టాన్ని వాళ్లే ఎత్తేశారు. ముప్పు లేనివాళ్లు వరసలో నిలబడ్డారు, భయపడినవాళ్లు సరిహద్దు దాటారు. బలవంతపు పరీక్షతో ఎక్కడైనా జరిగేది ఇంతే అని నా అభిప్రాయం.

సరే, అవన్నీ పాత రోజులు, ఇప్పుడు మందులున్నాయి కదా అంటారా? మందుల కథ కూడా చూద్దాం. వైరస్‌ను అణిచిపెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మన దేశంలో 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు పరీక్ష చేయించుకుని ఉందని తెలుసుకుంటే పేదవాళ్లకు ఒరిగేది ఏమిటి? దిగులు. అది మందు దొరకని జబ్బు, బయటికి చెప్పుకోలేని జబ్బు. తెలియకపోవడమే నయం అనుకున్నవాళ్లను మూర్ఖులనగలమా?

2004 తర్వాతా వెంటనే మందు ఇచ్చేవారు కాదు. శరీరంలో రోగనిరోధక శక్తిని కొలిచే సీడీ4 కణాల లెక్క 200 కంటే తగ్గాలి. అప్పుడే మందు. 'నీకు వైరస్ ఉందమ్మా, కానీ లెక్క ఇంకా 400 ఉంది, ఆరు నెలల తర్వాత రా' అనేవారు. ఆమె బస్సు చార్జీలు పెట్టుకుని, ఒక పూట పని పోగొట్టుకుని వచ్చింది. చేతిలో మందు లేదు, మనసులో మాత్రం పెద్ద బండ. జబ్బు ముదిరాక రమ్మని చెప్పే ఆసుపత్రి ఇదొక్కటే అని ఎవరైనా నవ్వుకుంటే తప్పేముంది? తర్వాత ఆ గీతను 350కి, 500కి జరిపారు. చివరికి 2017లో గీతే తీసేశారు. సీడీ4 ఎంతున్నా సరే, వైరస్ ఉందని తేలిన వెంటనే మందు.

ఈ విషయం మీద గొంతు చించుకుని ప్రచారం చేసి ఉండాల్సింది. పులిరాజాకు పెట్టిన ఖర్చులో సగం పెట్టినా చాలేది. ఎందుకంటే 2017 తర్వాత ఈ పరీక్ష అర్థమే మారిపోయింది. రోజుకో మాత్ర. క్రమం తప్పకుండా వేసుకుంటే కొన్ని నెలల్లో రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గిపోతుంది. అలా తగ్గి ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా మరొకరికి అంటదు. పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు, ముసలితనం దాకా బతకొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవారికి ప్రభుత్వ పింఛను కూడా ఉంది. ఇంకో తమాషా చూడండి. ఆఫ్రికా ఖండంలో కోట్లమంది వేసుకునే ఈ మాత్రల్లో పెద్ద వాటా హైదరాబాదు కంపెనీలు తయారుచేసేవే. మందు మన పొలిమేరల్లో పుట్టి జొహానెస్‌బర్గు దాకా వెళ్తోంది. మన బస్తీలో ఉన్న మనిషి దాకా రావడానికి మాత్రం మొహమాటపడుతోంది.

ఆ మొహమాటం ఎక్కడుందో కాస్త దగ్గరగా వెళ్లి చూద్దాం. ఏరియా ఆసుపత్రిలో ఓపీ దాటాక వరండా చివర ఒక గది. తలుపు మీద ఐసీటీసీ (కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) అని బోర్డు, దాని పక్కనే ఎర్ర రిబ్బను బొమ్మ. ఎదురుగా సిమెంటు బల్ల. ఆ బల్ల మీద కూర్చున్నారంటే ఎందుకొచ్చారో ఊరంతటికీ చెప్పినట్టే. గది తెరిచేది పొద్దున, మూసేది సాయంత్రం లోపు. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరి, పిల్లల్ని బడికి పంపి పడుకునే మనిషి ఆ వేళల్లో రావాలి. వస్తే మందులిచ్చే కిటికీ దగ్గర పక్కింటావిడ కనిపిస్తుంది. 'ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?' అని అడుగుతుంది. పాపం, ఆవిడ మంచి మనసుతోనే అడుగుతుంది. ఆ మంచితనమే సగం ప్రాణం తీస్తుంది.

అదే గదికి, అదే పరీక్షకు రోజూ గర్భిణులు వస్తారు. వాళ్లెవరూ సిగ్గుపడరు. రక్తం శాతం, షుగరు, గ్రూపు చూసేటప్పుడే హెచ్‌ఐవీ కూడా చూస్తారు. ప్రతి గర్భిణికీ చేస్తారు కాబట్టి ఎవరి నడవడి మీదా అనుమానం రాదు. ఆశా కార్యకర్త వెంట ఉండి తీసుకొస్తుంది, అత్తగారు బల్ల మీద పక్కనే కూర్చుంటుంది. మన దేశంలో గర్భిణుల పరీక్ష విజయవంతం కావడానికి కారణం వాళ్లకు అవగాహన ఎక్కువ ఉండటం కాదండీ. వాళ్లను ఎవరూ వేలెత్తి చూపరు, అంతే.

అందుకే ఇప్పుడు పరీక్షే మనుషుల దగ్గరకు వెళ్లడం మొదలుపెట్టింది. స్వచ్ఛంద సంస్థల్లో పీర్ ఎడ్యుకేటర్లు ఉంటారు. సెక్స్ వర్కర్ల దగ్గరకు వెళ్లేవాళ్లూ అదే వృత్తిలో ఉన్నవారు, లేదా ఒకప్పుడు ఉన్నవారు. ఒక్కొక్కరికి సుమారు 60 మంది బాధ్యత. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో, ఎవరి ఫోను ఎవరి చేతిలో ఉంటుందో, ఎవరి ఇంట్లో సంగతి తెలుసో, ఎవరి ఇంట్లో తెలియదో వీళ్లకు కంఠతా వచ్చు. ఈ విద్య ఏ నర్సింగు కాలేజీలోనూ చెప్పరు. వాళ్ల మాటలు ఇలా నడుస్తుంటాయి.

"వదినా, మొన్న సంక్రాంతికి చేయించుకున్నావు. ఆరు నెలలు దాటిపోయింది."

"అప్పుడు లేదన్నారుగా, మళ్లీ ఎందుకే?"

"అది సంక్రాంతి మాట వదినా. ఇప్పుడు వినాయక చవితి వచ్చేసింది."

"ఈ రక్తం ఎక్కడికి పంపుతావు? రిపోర్టు ఎవరి చేతికిస్తావు?"

"ఎక్కడికీ పంపను. నీ కళ్ల ముందే ఉంటుంది. నువ్వే చూడు."

వేలి కొన మీద చిన్న సూదితో పొడుస్తారు. ఒక్క చుక్క రక్తం పట్టీలో ఉన్న గుంటలో వేసి, పైన మందు చుక్కలు వేస్తారు. ఆ తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. అసలు పరీక్ష ఈ ఇరవై నిమిషాలే అని నాకనిపిస్తుంది. పట్టీ మీద ఒక గీత ఎలాగూ వస్తుంది, పట్టీ పనిచేస్తోందని చెప్పడానికి. రెండోది వస్తుందా అని కళ్లు అక్కడే ఉంటాయి. తెలివైన కార్యకర్త ఆ కాసేపు పట్టీని పక్కన పెట్టి వేరే మాటలు పెడుతుంది. పెద్దపిల్ల పది పాసైందా, ఇంటద్దె ఎంతైంది, ఆ పాత రౌడీ మళ్లీ వస్తున్నాడా అని.

రెండో గీత వచ్చినా జబ్బు ఖాయమైనట్టు కాదు. ఐసీటీసీకి వెళ్లి మళ్లీ రక్తమివ్వాలి. మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడింటిలోనూ ఉందని తేలితేనే పాజిటివ్ అంటారు. మనుషులు జారిపోయేది ఈ మధ్య దారిలోనే. రేపు వెళ్తానంటారు. ఫోను ఆపేస్తారు. ఊరు మారిపోతారు. 'రేపు నువ్వు వెళ్లు' అనే కార్యకర్తకూ, 'పద, ఇప్పుడే ఆటో ఎక్కుదాం, నేనూ వస్తాను' అనే కార్యకర్తకూ తేడా అక్కడ తెలుస్తుంది. ఆ వరండా బల్ల మీద పక్కన ఇంకో మనిషి కూర్చుంటే చాలు, ఎవరు ఎవరికి తోడొచ్చారో చూసేవాళ్లకు తెలియదు.

జాతీయ రహదారి మీద ధాబాల దగ్గర, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల దగ్గర లారీ డ్రైవర్లకు శిబిరాలు పెడతారు. హెచ్‌ఐవీ పరీక్ష అని బ్యానరు కడితే ఒక్క డ్రైవరూ దిగడు. కళ్లు, బీపీ, షుగరు చూస్తామంటే క్లీనరుతో సహా వస్తాడు. రాత్రంతా స్టీరింగు పట్టుకునేవాడికి కళ్ల గురించి, షుగరు గురించి నిజంగానే భయం ఉంటుంది. షుగరుకు పొడిచిన వేలి నుంచే ఇంకో చుక్క తీసుకోమంటావా అన్నా అని అడగడం తేలిక. ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. అడగాలి. షుగరు పేరు చెప్పి గుట్టుగా హెచ్‌ఐవీ చూసేస్తే మళ్లీ 1986కి పోయినట్టే. ఒక్క డ్రైవరుకు ఆ సంగతి తెలిసిందంటే చాలు, మర్నాటికి విశాఖ నుంచి చెన్నై దాకా ప్రతి ధాబాలో చెప్పుకుంటారు.

నాకు నచ్చనిది ఒకటి కూడా చెప్పి తీరాలి. ఈ పనంతా టార్గెట్ల మీద నడుస్తుంది. నెలకు ఇన్ని పరీక్షలు, ఏడాదికి ఇన్ని అని. లెక్క చూపించాలంటే తేలికైన దారి, ఎప్పుడూ దొరికేవాళ్లకే, మాట కాదనలేనివాళ్లకే మళ్లీ మళ్లీ చేయడం. పదేళ్లుగా కండోమ్ వాడుతూ, పదేళ్లుగా నెగటివ్ వస్తున్న అక్క ఈసారి కూడా వేలు చాపుతుంది. కాగితం మీద నూరు శాతం నిండుతుంది. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన పందొమ్మిదేళ్ల పిల్ల ఏ జాబితాలోనూ ఉండదు. ఎంతమందికి చేశారని కాకుండా, ఇంతకుముందు ఎప్పుడూ చేయించుకోనివాళ్లు ఎంతమంది వచ్చారని అడిగే అధికారి కావాలి.

హైదరాబాదు నారాయణగూడలో 2021లో మిత్ర్ అని ఒక క్లినిక్ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసం, ట్రాన్స్‌జెండర్లే నడిపే క్లినిక్కుల్లో దేశంలో ఇది మొదటిది. రిసెప్షన్‌లో కూర్చునేవారు, కౌన్సెలింగ్ చేసేవారు, డాక్టరు కూడా ఆ సముదాయంవారే. మామూలు ఆసుపత్రుల్లో హిజ్రాలకు మొదటి కష్టం ఓపీ చీటీ దగ్గరే వస్తుంది. మగవాళ్ల లైనా, ఆడవాళ్ల లైనా? లోపలికి వెళితే వార్డుబాయి నవ్వుతాడు, ఇంకో నలుగురిని పిలిచి చూపిస్తాడు. ఇంత పడి ఎవరొస్తారండీ హెచ్‌ఐవీ పరీక్షకు? నారాయణగూడలో ఆ గోల లేదు. హార్మోన్ల గురించి సలహా కోసం, చర్మ సమస్యల కోసం, మనసు బాగాలేక వచ్చినవాళ్లు అక్కడే హెచ్‌ఐవీ పరీక్షా చేయించుకున్నారు. తాము కోరుకున్న వైద్యం ముందు దొరికింది కాబట్టి, మనం కోరుకున్న పరీక్షకు ఒప్పుకున్నారు. ఈ వరస చాలా ముఖ్యం. ప్రభుత్వాలకు ఎందుకోగానీ ఈ వరస తిరగేసి కనిపిస్తుంది.

ఆ క్లినిక్ అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచేది. 2025 జనవరిలో అక్కడ అధ్యక్షుడు మారి విదేశీ సాయం ఆపేశారు. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకంతో నారాయణగూడలో తలుపు మూతపడింది. కొన్ని నెలల తర్వాత టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు. సంతోషమే. కానీ మన ఊళ్లో, మన మనుషుల కోసం, ఏళ్ల తరబడి కూడగట్టుకున్న నమ్మకం ఇంకో దేశపు ఎన్నికల మీద ఆధారపడి ఉండటం నాకు మింగుడుపడదు.

ఇక కొత్తగా వచ్చిన చిక్కు సెల్‌ఫోను. ఒకప్పుడు కార్యకర్తలకు బస్టాండు, లాడ్జి వీధి, సినిమాహాలు వెనక సందు తెలిస్తే చాలేది. ఇప్పుడు పరిచయాలు ఫోన్లో, యాప్‌లలో జరుగుతున్నాయి. నిలబడే చోటే లేనివాళ్లను వెతకడమెలా? ముఖ్యంగా పురుషులతో సంబంధాలుండి, పెళ్లి కూడా చేసుకుని, తమ గురించి తమకే ఒప్పుకోనివాళ్లు. వాళ్లు ఏ స్వచ్ఛంద సంస్థ గడపా తొక్కరు. ఏ వర్గంలోనూ పేరు రాయించుకోనక్కర్లేకుండా, ముప్పు ఉందనుకున్న ఎవరైనా వచ్చేట్టు సంపూర్ణ సురక్ష కేంద్రాలని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) మొదలుపెట్టింది. లోపల నువ్వెవరని అడగకుండా, నీకేం కావాలని అడిగితే అవి నిలబడతాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీకు వివరించి, మీరు ఒప్పుకుంటే తప్ప హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, ఫలితం మీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పకూడదు. ఉద్యోగం ఇవ్వాలన్నా, వైద్యం చేయాలన్నా ముందు ఈ పరీక్ష చేయించుకురమ్మని అడగకూడదు. అన్యాయం జరిగితే ఫిర్యాదు వినడానికి రాష్ట్రానికో అంబుడ్స్‌మన్ ఉండాలి. కాగితం మీద ఇంతకంటే మంచి చట్టం అడగలేం. అయినా నేటికీ ఆపరేషన్‌కు ముందు రక్త పరీక్షలన్నిటితో పాటు దీన్నీ చెప్పకుండా చేసేసి, ఫలితం చూశాక 'ఇక్కడ ఆ సౌకర్యం లేదు, పెద్దాసుపత్రికి వెళ్లండి' అనే చోట్లున్నాయి. ఆ ఒక్క మాటతో పదిమంది పీర్ ఎడ్యుకేటర్లు ఏడాదిపాటు చేసిన పని నీళ్లపాలవుతుంది. ఈ ప్రసంగం వింటున్న డాక్టర్లెవరైనా ఉంటే నా విన్నపం మీకే.

చివరగా, తమ గురించి తమకు అనుమానం ఉండి, ఎవరినీ అడగలేక రేడియో దగ్గర కూర్చున్నవారికి రెండు మూడు విషయాలు. ముప్పు ఎదురైన మర్నాడే పరీక్ష చేయించుకుంటే ఫలితం సరిగ్గా తెలియదు, ఎందుకంటే ఒంట్లో వైరస్ జాడ పరీక్షకు అందడానికి కొన్ని వారాలు పడుతుంది. ఒకసారి చేయించుకుని, మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోండి. అయితే ముప్పు ఎదురై ఇంకా మూడు రోజులు, అంటే 72 గంటలు దాటలేదనుకోండి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి అడగండి. వైరస్ నాటుకోకుండా ఆపే మందులున్నాయి, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షకు, మందుకు రూపాయి కూడా తీసుకోరు. మీ ఊళ్లో మొహం చూపించడం ఇష్టం లేకపోతే పక్క జిల్లాకు వెళ్లండి, ఎక్కడ చేయించుకున్నా ఒకటే. రిపోర్టు మీ చేతికే ఇస్తారు, కౌన్సెలర్ మీతోనే మాట్లాడతారు. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి. ఒకటి, సున్నా, తొమ్మిది, ఏడు. ఇది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.